బంతాట కోర్టుల మీద మీ ఆదివారం వ్యాసం చదివాక

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మెక్సికోలోని పాత బంతాట కోర్టుల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. తెలుగు పత్రికలో ఆ విషయానికి అంత చోటు దొరికిందని ముందు చాలా సంతోషపడ్డాను, కానీ చదివేకొద్దీ బాధేసింది. ఓడినవాళ్ల తలలు నరికే ఆట అని మొదటి వాక్యంలోనే తేల్చేశారు, మధ్యలో చిచెన్ ఇట్సా నగరం కట్టిన మాయా జాతి అంతరించిపోయింది అన్నారు, ఒక చిన్న పెట్టెలో మయసభ కట్టిన మయుడికీ మాయా వాళ్లకీ సంబంధం ఉందేమో అని ఒక ప్రశ్న వేసి జవాబు చెప్పకుండా వదిలేశారు. పైగా పేజీ సగం ఆక్రమించిన పెద్ద ఫోటో కింద చిచెన్ ఇట్సా అని రాశారు, ఆ ఫోటో చిచెన్ ఇట్సాది కానే కాదు. నేను 30 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలు ప్రాజెక్టులకి మీ ఆదివారం పేజీలే కత్తిరించి అంటించుకుంటారు, అది నాకు బాగా తెలుసు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చిచెన్ ఇట్సా కోర్టులో నేను స్వయంగా నిలబడ్డాను. రెండేళ్ల కిందట మా అమ్మాయి వాళ్లు టెక్సస్ నుంచి సెలవులకి మెక్సికోలోని కాన్‌కూన్ తీసుకెళ్లారు (అమెరికాలో ఉండే మన తెలుగు కుటుంబాలు చాలా అక్కడికి వెళ్తాయి, సముద్రం కోసం). అందరూ బీచ్ అంటే నేను మాత్రం చిచెన్ ఇట్సా చూడాల్సిందేనని పట్టుబట్టాను. కాన్‌కూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. అందరూ ముందు కుకుల్కాన్ పిరమిడ్ దగ్గరికే పోతారు, అంటే రెక్కల పాము దేవుడి గుడి దగ్గరికి. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఇంకొక్కటి, మొత్తం 365, సంవత్సరంలో రోజులన్ని. దాని ముందు నిలబడి చప్పట్లు కొడితే మెట్ల మీంచి ప్రతిధ్వని పిట్ట కూతలా తిరిగొస్తుంది, మా మనవడు చేతులు ఎర్రబడేదాకా కొడుతూనే ఉన్నాడు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే బాల్ కోర్టు.

దాని సైజు ఫోటోల్లో తెలియదు. మొత్తం పొడవు 168 మీటర్లు, వెడల్పు 70 మీటర్లు, పొడవులో మన ఫుట్‌బాల్ గ్రౌండుని మించిపోతుంది. రెండు పక్కలా 8 మీటర్ల ఎత్తు రాతి గోడలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి, ఒక్కో గోడ మధ్యలో, తలెత్తి చూడాల్సినంత పైన, ఒక రాతి చక్రం. బాస్కెట్‌బాల్ రింగులా పడుకోబెట్టినది కాదు, గోడకి చెవి రింగు తగిలించినట్టు నిలువుగా ఉంటుంది, దాని మీద పెనవేసుకున్న పాములు చెక్కి ఉంటాయి. బంతిని చేత్తో పట్టుకోకూడదు, తుంటితో కొట్టాలి. ఆ ఎత్తుకి, ఆ సన్న కంతలోంచి, తుంటితో! అది సాధ్యమేనా అని అక్కడ నిలబడ్డ ప్రతివాళ్లూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఈ రింగులు తర్వాతి కాలంలో వచ్చినవి, చాలా పాత కోర్టుల్లో అవి లేవు కూడా. తూర్పు గోడ మీద జాగ్వార్ల (మన చిరుతపులి లాంటి అక్కడి పులి) గుడి ఉంది, కోర్టు రెండు చివరలా ఇంకో రెండు చిన్న గుళ్లు. మన పెద్ద గుళ్లకి కోనేరు, రథం వీధి ఎలాగో వాళ్ల గుళ్లకి ఈ కోర్టు అలాగ. మీ వ్యాసం మాత్రం దాన్ని గుడి నుంచి విడదీసి ఒక స్టేడియంలాగా చూపించింది, అక్కడే దారి తప్పింది.

ఇక ఆ తల సంగతి. గోడల అడుగున వాలుగా ఉన్న అరుగుల మీద రెండు జట్ల ఆటగాళ్లని చెక్కారు, జట్టుకి ఏడుగురు. మధ్యలో ఒక పెద్ద బంతి, అందులో ఒక పుర్రె. ఒక పక్క ఆటగాడు ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో తెగిన తల పట్టుకుని నిలబడ్డాడు. రెండో పక్క తల లేని మనిషి మోకాలి మీద ఉన్నాడు. మీరు ఫోటో వేసింది ఇంతవరకే. ఆ మోకాళ్ల మీద ఉన్న మనిషి మెడలోంచి వచ్చే రక్తపు ధారలు పాములుగా మారుతున్నాయి, వాటి మధ్యలోంచి ఒక తీగ మొలిచి పూలు పూసి గోడ మీద పాకుతూ పోతోంది. మీ ఫోటోలో ఆ తీగ కత్తిరించేశారు. మా గైడు గెలిచిన జట్టు నాయకుడినే గౌరవంగా బలిచ్చేవారని చెప్పాడు, మీ వ్యాసం ఓడినవాడిని అంది, ఆ రాయి మాత్రం వాడు గెలిచాడో ఓడాడో చెప్పడం లేదు. రాయి చెప్పేది వేరే మాట, ఆ చావులోంచి మొక్క మొలిచిందని.

దీని అర్థం తెలియాలంటే వాళ్ల పురాణం తెలియాలి. గ్వాటెమాలాలోని కిచే మాయా ప్రజల పోపోల్ వూహ్‌లో ఈ కథ ఉంది. ఇద్దరు అన్నదమ్ములు రోజూ బంతాట ఆడుతుంటే ఆ చప్పుడు కింద పాతాళంలో, షిబాల్బా అంటారు దాన్ని, అక్కడి యమప్రభువుల నెత్తిన మోగింది. వాళ్లకి కోపమొచ్చి ఇద్దరినీ ఆటకి రమ్మని కబురుపెట్టి, మోసం చేసి చంపి, అన్న తలని ఒక చెట్టుకి వేలాడదీశారు. ఎన్నడూ కాయని ఆ చెట్టు ఒక్కసారిగా గుండ్రటి బుర్రకాయలతో నిండిపోయింది, ఏది కాయో ఏది తలో తెలియనంతగా. పాతాళ ప్రభువు కూతురే ఒకతె ఆ చెట్టు దగ్గరికి వచ్చి చెయ్యి చాచితే ఆ తల ఆమె అరచేతిలో ఉమ్మింది, ఆమె గర్భవతి అయింది, పైలోకానికి పారిపోయి వచ్చి అత్తగారి పంచన చేరి కవలలని కన్నది. హునాహ్‌పు, ష్బలాంకే వాళ్ల పేర్లు. కొడుకులని పోగొట్టుకున్న ఆ నాయనమ్మ బంతీ, ఆట సామానూ మనవళ్ల కంటపడకుండా ఇంటి కప్పులో దాచిపెడుతుంది. (ఇది చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పిల్లల్ని చంపిన ఆట మళ్లీ మనవళ్ల చేతికి రాకూడదని ముసలామె తాపత్రయం!) ఒక ఎలుక ఆ సంగతి కవలలకి చెప్పేస్తుంది. వాళ్లు ఆడతారు, మళ్లీ చప్పుడు, మళ్లీ పాతాళం నుంచి కబురు. చీకటి ఇల్లు, కత్తుల ఇల్లు, చలి ఇల్లు, గబ్బిలాల ఇల్లు, ఇలా ఒక్కో రాత్రి ఒక్కో పరీక్ష. గబ్బిలం హునాహ్‌పు తల తుంచేస్తే దాన్ని బంతాట కోర్టులో వేలాడదీస్తారు, తమ్ముడు ఒక కాయతో వాడికి తల చేసి పెట్టి, ఆట మధ్యలో కుందేలుని పరిగెత్తించి అందరూ దాని వెంట పడేలా చేసి, అసలు తల తెచ్చి అతికిస్తాడు. చివరికి యమప్రభువులని ఓడించి ఒకరు సూర్యుడు, ఒకరు చంద్రుడు అవుతారు.

విత్తనం భూమిలోకి పోయి మొక్కై పైకి రావడం, సూర్యుడు రాత్రి కిందికి పోయి తెల్లారి రావడం, పోయినవాళ్ల బదులు పిల్లలు పుట్టడం, ఇవన్నీ వాళ్లకి ఒకటే కథ. ఆ కోర్టు భూమికీ పాతాళానికీ మధ్య గుమ్మం. ఇది తెలుసుకుని ఆ గోడ చూస్తే ఆ పూలతీగ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలకి చెప్పాల్సిన కథ ఇది, మీ రెండు పేజీల్లో దీనికి ఒక్క లైను కూడా దక్కలేదు.

బలి లేదని నేను అనడం లేదు. ఉంది, దాచాల్సిన పని లేదు. మెక్సికో సిటీ నడిబొడ్డున పెద్ద చర్చి వెనక, ఒక హోటల్ ఉన్న చోట తవ్వితే అజ్టెక్‌ల (మాయా వాళ్లు కాదు, అక్కడ రాజ్యమేలిన ఇంకో జాతి) బాల్ కోర్టు, దాని పక్కనే గాలి దేవుడు ఎహెకాత్ గుండ్రటి గుడి బయటపడ్డాయని 2017లో ప్రకటించారు. ఆ కోర్టు దగ్గర నరికిన మనుషుల మెడ ఎముకలు కుప్పగా దొరికాయి. దానికి దగ్గర్లోనే వాళ్ల మహాలయం, టెంప్లో మయోర్ అంటారు, 1978 ఫిబ్రవరిలో కరెంటు పనివాళ్లు కేబుల్ కోసం తవ్వుతుంటే మూడు మీటర్లకి పైగా వెడల్పున్న గుండ్రటి రాయి తగిలింది, దాని మీద ముక్కలు ముక్కలైన కొయొల్‌షౌకి దేవత శిల్పం. సొంత తమ్ముడైన యుద్ధ దేవుడే ఆమెని అలా చేశాడని వాళ్ల కథ. ఇదంతా నిజం. కానీ ఆడిన ప్రతి ఆటా తల తెగడంతో ముగిసేదని రాస్తే అది అబద్ధమవుతుంది. ఒక్క లెక్క చెప్తాను. తోచ్తెపెక్ అనే ప్రాంతం అజ్టెక్‌ల రాజధాని తెనోచ్తిత్లాన్‌కి కప్పం కింద 16,000 రబ్బరు బంతులు కట్టేదని వాళ్ల కప్పం చిట్టాలోనే ఉంది. అన్ని బంతులు ఎవరు వాడతారు? రోజూ ఆడుకునేవాళ్లు, పందేలు కాసేవాళ్లు. 16వ శతాబ్దంలో అక్కడే పెరిగిన డియెగో దురాన్ అనే మతగురువు ఈ పందేల గురించి వివరంగా రాశాడు, నగలు, పొలాలు, ఇళ్లు ఒడ్డి, అన్నీ పోయాక తమని తామే బానిసలుగా ఒడ్డుకునేవాళ్లట. ధర్మరాజు కథ తెలిసిన మనకి ఇది అర్థం కావడం ఎంతసేపు?

రాజకీయం కూడా అందులో ఉంది. హోండురస్‌లోని కోపాన్ కోర్టు చూడండి. రింగుల బదులు గోడల మీద రామచిలుక తలలు ఉంటాయి, చాలా అందమైన కోర్టు. దాన్ని 738 జనవరిలో ప్రతిష్ఠించిన రాజు వశక్లహూన్ ఉబాహ్ కావిల్, అప్పటికి నలభై ఏళ్లకు పైగా పాలించినవాడు. అదే ఏడాది మే నెలలో, తన కింద సామంతుడిగా ఉన్న కిరిగ్వా రాజు తిరగబడి ఆయన్ని పట్టుకుని తల నరికించాడు, ఆ సంగతి తన శిలాశాసనాల్లో గొప్పగా రాయించుకున్నాడు కూడా. కిరిగ్వా అక్కడికి ఎంతో దూరం లేదు, యాభై కిలోమీటర్లు ఉంటుంది. మన శాసనాల్లో సామంతులు ఎదురుతిరిగిన కథలు ఎన్ని చదువుకోలేదు? ఇలాంటి మనుషులు ఇలాంటి తేదీలతో సహా రాళ్ల మీద ఉండగా మీ వ్యాసం వాళ్లని 'అంతుచిక్కని జాతి' అనేసింది.

వాళ్ల గురించి మనకి తెలియనిది చాలా ఉంటే దానికి కారణం ఉంది. 1562 జూలైలో మని అనే ఊళ్లో డియెగో దె లాందా అనే మతగురువు మాయా పుస్తకాలని పోగేసి తగలబెట్టించాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో మిగిలినవి నాలుగంటే నాలుగు. ఆట సంగతీ అంతే. మెక్సికోని జయించిన స్పెయిన్ సేనాని కోర్తెస్ 1528లో ఆటగాళ్లని స్పెయిన్ తీసుకెళ్లి రాజు ముందు ఆడించాడు, క్రిస్టోఫ్ వైడిట్జ్ అనే జర్మన్ చిత్రకారుడు వాళ్ల బొమ్మలు గీశాడు, యూరప్‌వాళ్లు చాలామంది అలా ఎగిరే బంతిని అంతకు ముందు చూసి ఉండలేదు. మెక్సికోలో మాత్రం ఆ ఆటలో దేవుళ్లున్నారని చర్చి దాన్ని నిషేధించింది. పుస్తకాలు కాల్చేసి ఆట ఆపేశాక మిగిలిన దాన్ని 'మిస్టరీ' అనడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు మయుడి సంగతి. ఈ మాట వాట్సాప్‌లో నాకు కనీసం పదిసార్లు వచ్చింది, మా స్కూల్లో ఒక సహోద్యోగి క్లాసులోనే చెప్పేవారు. మాయా అనే పేరు చిచెన్ ఇట్సా ఉన్న యుకటాన్ గడ్డ మీదిదే, అక్కడ మాయపాన్ అనే పాత పట్టణం ఉంది, దానితో ముడిపడ్డ మాట అది. మన మయుడికీ దానికీ శబ్దం కలిసిందంతే. అంతకంటే గట్టి రుజువు బంతిలోనే ఉంది. ఇప్పుడు మన దగ్గర తోటల్లో పెంచే రబ్బరు చెట్లు మన దేశపువి కావు, బ్రెజిల్ విత్తనాలు 1876లో లండన్ చేరాక, అక్కడి నుంచి ఆసియాకి మొక్కలు వచ్చాయి. వాళ్లేమో తమ అడవుల్లో దొరికే ఇంకో రకం చెట్టు పాలతో, కాస్తియా అంటారు దాన్ని, మూడు వేల ఏళ్లకి ముందే బంతులు చేశారు. మెక్సికోలోని వెరాక్రూజ్ రాష్ట్రంలో ఎల్ మనతి అనే చోట బురదలో దేవుడికి సమర్పించిన రబ్బరు బంతులు దొరికాయి, వాటి వయసు దాదాపు 3,600 ఏళ్లు. ఆ పాలు ఊరికే ఆరబెడితే పెళుసుగా తయారవుతాయి, బంతి ఎగరదు. అందుకని రాత్రిపూట తెల్లటి పూలు విచ్చుకునే ఒక తీగ రసం అందులో కలిపేవారు, అప్పుడది సాగుతుంది, ఎగురుతుంది. ఈ సంగతిని అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు పరీక్షించి 1999లో ప్రచురించారు. అమెరికాలో గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరుని గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టింది 1839లో! ఆ బంతులు లోపల గాలి లేని గట్టి రబ్బరు ముద్దలు, మూడు నాలుగు కిలోల బరువు. అలాంటిది ఎదురుగా దూసుకొస్తుంటే తుంటి అడ్డం పెట్టి తిప్పికొట్టాలి. ఈ తెలివి ఆ అడవిలో ఆ చెట్లతో బతికినవాళ్లది. దాన్ని పట్టుకొచ్చి మన మయుడి ఖాతాలో వేస్తే మనకి గొప్ప వచ్చేదేమీ లేదు, వాళ్ల కష్టం మనం లాక్కున్నట్టే. ఆ మాటకొస్తే వాళ్ల దగ్గర్నించి మనకి వచ్చిందే ఎక్కువ, గుంటూరు మిర్చి అని మనం గర్వంగా చెప్పుకునే మిరపకి పుట్టిల్లు ఆ గడ్డే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దగ్గరికి వచ్చింది.

అంతరించిపోయారన్న మాట మాత్రం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. చిచెన్ ఇట్సాలో దారి పొడవునా చెక్క బొమ్మలు, జాగ్వార్ గాండ్రింపు లాంటి శబ్దం చేసే ఈలలు అమ్ముతున్న ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటున్నది మాయా భాష. నేను ఒకామెని సైగలతో అడిగాను, మా అమ్మాయి స్పానిష్‌లో కలిపింది, ఆమె తన పాపకి లెక్కపెట్టడం మాయాలోనే నేర్పిస్తున్నానని ఒకటి నుంచి పది దాకా చెప్పి వినిపించింది. మాయా కుటుంబానికి చెందిన భాషలు దాదాపు 30 ఉన్నాయి, లక్షల మంది మాట్లాడతారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచు కిచే మాయా ఆవిడ, అదే పోపోల్ వూహ్ కథ చెప్పుకున్న జనం. ఆట కూడా పోలేదు. మెక్సికో వాయవ్యాన సినలోవా పల్లెల్లో ఉలామా పేరుతో తోలు పట్టీలు కట్టుకుని ఇప్పటికీ తుంటితోనే ఆడుతున్నారు. పిరమిడ్‌లు కట్టిన నగరాలు ఖాళీ అయ్యాయి, అది వేరు, మన హంపి ఖాళీ అయినంత మాత్రాన మనం అంతరించామా? 2012లో మాయా క్యాలెండర్ ప్రకారం యుగాంతం అని టీవీల్లో రోజూ ఊదరగొట్టినప్పుడు మా క్లాసులో పిల్లలు నిజంగా భయపడ్డారు, ఒక అమ్మాయి పరీక్ష ఫీజు కట్టడం ఎందుకని అడిగింది. మాయా వాళ్లు ఏమంటున్నారని ఆ చానళ్లలో ఏ ఒక్కరూ అడగలేదు.

చివరగా ఆ ఫోటో. మీరు వేసింది తెయోతివకాన్‌లోని సూర్యుడి పిరమిడ్. అది మెక్సికో సిటీకి 50 కిలోమీటర్ల దూరంలో ఉంది, చిచెన్ ఇట్సాకి వెయ్యి కిలోమీటర్ల ఆవల. కట్టింది మాయా వాళ్లు కాదు, చిచెన్ ఇట్సా పెద్ద కోర్టు కట్టేనాటికే ఆ నగరం వైభవం ముగిసి కొన్ని వందల ఏళ్లయింది. పైగా బాల్ కోర్టుల వ్యాసానికి ఆ ఫోటో అసలు పొసగదు, చిచెన్ ఇట్సాలో ఉన్నలాంటి రాతి కోర్టు అక్కడ కనిపించదు, తెపాన్‌తిత్లా అనే చోట గోడ చిత్రాల్లో మాత్రం మనుషులు రకరకాల బంతాటలు ఆడుతుంటారు, కొందరు కర్రలతో కూడా. కోర్టుల ఫోటోలే కావాలంటే వెరాక్రూజ్‌లో ఎల్ తహీన్ ఉంది, ఒక్క ఊళ్లోనే దాదాపు 20 కోర్టులు, 365 గూళ్లు ఉన్న పిరమిడ్ కూడా అక్కడిదే.

నేను అడిగేది మూడే. ఫోటో కింద పేరు తప్పని వచ్చే ఆదివారం వేయండి. మాయా ప్రజలు బతికే ఉన్నారని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో రాయండి. మయుడి పెట్టెలో అడిగిన ప్రశ్నకి లేదు అని జవాబు ఇవ్వండి. చిచెన్ ఇట్సా గోడ మీది పూలతీగని నేను ఫోన్‌తో తీసుకున్నాను, కొంచెం నీడ పడింది గానీ పూలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, మీకు పనికొస్తే వేసుకోండి, నా పేరు వేయక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
రిటైర్డ్ సోషల్ టీచర్, ఒంగోలు